రెండు కన్నులు, ఒకే చూపు – సర్ డేవిడ్ బ్రూస్టర్ జీవిత కథ

ఈ మాసపు పత్రికను ఒక్క నిమిషము ప్రక్కన పెట్టి మీరొక చిన్న పని చేయవలెనని కోరుచున్నాము. మీ బొటనవ్రేలిని ముఖమునకు ఎదురుగా మూరెడు దూరములో నిలువుగా పట్టుకొనుడి. ఎడమకన్ను మూసికొని కుడికంటితో దానిని చూడుడి. తరువాత కుడికన్ను మూసికొని ఎడమకంటితో చూడుడి. వ్రేలు కదలలేదు, మీ తలయు కదలలేదు. అయినను ఎదుటి గోడమీద ఆ వ్రేలు అటునుండి ఇటు గంతు వేసినట్లు కనబడును.

దీనికి కారణము సులభమే. మన రెండు కన్నుల నడుమ సుమారు రెండున్నర అంగుళముల యెడము కలదు. కావున ఒక కన్ను చూచినట్లు రెండవ కన్ను చూడదు. కుడికన్ను వస్తువు యొక్క కుడిప్రక్కను కొంచెము ఎక్కువగా చూచును. ఎడమకన్ను ఎడమప్రక్కను ఎక్కువగా చూచును. ఈ రెండు బొమ్మలను మెదడు కలిపి ఒకటిగా చేయును. అప్పుడే ఏది దగ్గర, ఏది దూరము, ఏది గుండ్రము, ఏది చదును అని మనకు చక్కగా తెలియును. ఒక కన్ను మూసికొని సూదిలోనికి దారము ఎక్కించ జూచిన తల్లులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మేము సెమినరీలో చదువుకొను దినములలో గ్రంథాలయపు బీరువాలో ఒక పాత కొయ్య పరికరముండెను. ముందు రెండు అద్దములు, క్రింద పట్టుకొనుటకు ఒక పిడి, ఎదురుగా అట్టను నిలుపుటకు ఒక అడ్డకఱ్ఱ, అంతే. అట్టమీద రెండు ఫోటోలు ప్రక్కప్రక్కగా అతికింపబడి యుండెను. ఊరక చూచిన రెండును ఒకటే ఫోటో అనిపించును. అద్దములకు కన్నులు ఆనించి చూచితిమి. వెంటనే యెరూషలేము గోడలు లేచి నిలువబడెను. ఒలీవల కొండ వెనుకకు జరిగెను. ముందున్న ఒక గొఱ్ఱెలకాపరి చెంతనే నిలిచియున్నట్లుండెను. మేము తెలియకయే చెయ్యి చాపి ముట్టబోగా తోటి విద్యార్థులు నవ్విరి. ఆ పరికరము పేరు స్టీరియోస్కోపు. దానిని సామాన్యుల ఇండ్లలోనికి తెచ్చినవాడు సంఘకాపరి కావలెనని చదువుకొనిన ఒక స్కాట్లాండు దేశస్థుడు. ఆయన జీవితములో మనము సంతోషింపదగినదియు, మనలను హెచ్చరించునదియు రెండును కలవు. గనుక ఈ మాసము ఆయన కథ చెప్పుచున్నాము.

నాగళ్లు చేయువాని దుర్భిణి

డేవిడ్ బ్రూస్టర్ 1781 డిసెంబరు 11వ తేదీన స్కాట్లాండు దేశపు దక్షిణ భాగమందలి జెడ్‌బరో అను చిన్న పట్టణములో పుట్టెను. తండ్రి జేమ్సు ఆ ఊరి బడికి ప్రధానోపాధ్యాయుడు. 1790లో, డేవిడు ఇంకను పసివాడై యుండగానే, తల్లి మరణించెను.

ఆ పట్టణమునకు సమీపమున ఇంచ్‌బోనీ అను చోట జేమ్సు వీచ్ అను ఒక పనివాడు కాపురముండెను. నాగళ్లు చేయుట అతని వృత్తి. పెద్ద చదువులు చదివినవాడు కాడు. అయినను పగలు నాగళ్లు చెక్కి, రాత్రివేళ తన చేతితో చేసికొనిన దుర్భిణిలో నుండి నక్షత్రములను చూచుచుండెను. బడి వదలగానే బాలుడైన డేవిడు అతని కొట్టమునకు పరుగెత్తువాడు. అచ్చట అద్దములు అరగదీయుటయు, గొట్టములలో అమర్చుటయు నేర్చుకొని, పదియేండ్ల ప్రాయములోనే తానొక దుర్భిణిని చేసెను. గొప్ప విశ్వవిద్యాలయములకు అధ్యక్షుడు కాబోవు బాలునికి మొదటి గురువు ఒక వడ్రంగి. మన ఊళ్లలో చెక్కపని, ఇనుపపని చేసికొను సహోదరులు తమ పనిని ఎన్నడును తక్కువగా ఎంచకుందురు గాక.

ప్రసంగపీఠము మీది వణకు

తండ్రి తన నలుగురు కుమారులను దేవుని సేవకే ప్రత్యేకింపవలెనని కోరెను. పండ్రెండేండ్ల వయస్సున డేవిడు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమునకు పంపబడెను. 1800లో ఎం.ఏ. పట్టము పొంది, వేదశాస్త్రము చదివి, 1804లో స్కాట్లాండు సంఘమందు ప్రసంగించుటకు అనుమతి పొందెను. తక్కిన ముగ్గురు సోదరులు సంఘకాపరులైరి. డేవిడు మాత్రము కాలేకపోయెను.

ఆయనకు విశ్వాసము లేక కాదు. వాక్యజ్ఞానము కొదువై కాదు. జనుల యెదుట నిలువబడగానే ఆయన మనస్సు చెదరిపోవును, దేహము వణకును. కొన్ని మారులు ప్రసంగించెను గాని ఆ భయమును జయింపలేకపోయెను. తుదకు ఆ మార్గమును విడిచెను. మా మొదటి ప్రసంగమునాడు బల్లను గట్టిగా పట్టుకొని నిలిచిన దినము మాకు ఇంకను జ్ఞాపకమున్నది గనుక, ఆ యౌవనస్థుని బాధను కొంత యెరుగుదుము. తండ్రి ఆశ, ఇన్ని యేండ్ల చదువు, ఊరివారి మాటలు, ఇవన్నియు ఆయన మీద ఎంత భారముగా నుండెనో మీరే ఊహించుడి. అయితే ప్రసంగపీఠమును విడిచినవాడు దేవుని విడువలేదు. దేవుడు సృజించిన వెలుగును పరీక్షించుటలో ఆయన తన పనిని కనుగొనెను.

వెలుగును వెంబడించిన యేండ్లు

మధ్యాహ్నపు ఎండలో చెరువు నీటిమీద కన్నులు జిగేలుమను మెరుపును మీరు చూచియున్నారు. నీటిమీదనో గాజుమీదనో పడి తిరిగివచ్చు వెలుగు ఒక ప్రత్యేకమైన కోణములో ఒకే దిశను కంపించు వెలుగగునని బ్రూస్టర్ 1815లో నియమముగా తెలిపెను. నేటికిని శాస్త్ర పుస్తకములలో దానిని బ్రూస్టర్ కోణమని పిలుతురు. ఎండలో వాహనము నడుపువారు మెరుపు తగ్గుటకు పెట్టుకొను ఒక విధమైన కళ్లద్దములు ఈ గుణమునే ఉపయోగించుకొనుచున్నవి. ఆ యేడే లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొని కోప్లీ పతకము నిచ్చెను.

పిల్లలు విరిగిన గాజుముక్కలను అద్దముల గొట్టములో వేసి త్రిప్పి చూచు ఆటవస్తువు, అనగా కాలిడోస్కోపు, ఈయన కనిపెట్టినదే. 1817లో దానికి పేటెంటు హక్కు తీసికొనెను. అయితే లండను పనివారికి నమూనా చూపినప్పుడు రహస్యము బయటపడెను. ఎవరికి వారు దానిని చేసి అమ్మసాగిరి. లండను, పారిసు నగరములలో మూడు నెలలలో రెండు లక్షలు అమ్ముడుపోయినవని ఆ కాలపువారు లెక్క చెప్పిరి. కనిపెట్టినవానికి దక్కినది బహు స్వల్పము. ఈ గాయము ఆయన మనస్సులో చాలాకాలము నిలిచియుండవచ్చునని మాకు తోచుచున్నది. ముందు జరుగబోవు కథకు ఇది కొంత కారణమై యుండును.

ఆయన ఊరకుండు స్వభావము గలవాడు కాడు. 1808 మొదలు 1830 వరకు పదునెనిమిది సంపుటముల ఎడిన్‌బరో విజ్ఞాన సర్వస్వమునకు సంపాదకుడుగా నుండెను. సముద్రతీరపు దీపస్తంభములలో వట్టి అద్దములకు బదులు గాజు కటకములు పెట్టిన యెడల వెలుగు మరింత దూరము పోవునని అధికారులతో చాలా యేండ్లు వాదించెను. 1831లో బ్రిటిషు శాస్త్రాభివృద్ధి సంఘము స్థాపింపబడుటకు ముఖ్యుడాయెను. ఆ దినములలోనే రాజు ఆయనకు సర్ అను బిరుదునిచ్చెను. దుఃఖములును లేకపోలేదు. 1828లో ఒక కుమారుడు నీట మునిగి చనిపోయెను. 1838లో ఆయన సెంట్ ఆండ్రూస్ పట్టణములోని కళాశాలకు అధ్యక్షుడాయెను.

వీట్‌స్టన్ పండితుని రెండు అద్దములు

ఆ 1838వ సంవత్సరమే మన కథకు మలుపు. లండనులో చార్లెస్ వీట్‌స్టన్ అను పండితుడుండెను. ఆయన వాద్యములు చేయు కుటుంబమునుండి వచ్చినవాడు. టెలిగ్రాఫు తంతిని వాడుకలోనికి తెచ్చినవారిలో ఒకడు. బ్రూస్టర్ వలెనే ఈయనకును సభలో మాటలాడుట భయమే. ఆయన ఆ యేటి జూన్ మాసములో రాయల్ సొసైటీకి ఒక వ్యాసమును సమర్పించెను. రెండు కన్నులు రెండు వేర్వేరు బొమ్మలను చూచుటవలననే మనకు లోతు తెలియుచున్నదని అందులో నిరూపించెను. దానికి సాక్ష్యముగా ఒక పరికరమును చేసెను. రెండు అద్దములను మూలగా నిలిపి, కుడికన్ను చూడవలసిన గీతబొమ్మను కుడివైపున, ఎడమకన్ను చూడవలసిన దానిని ఎడమవైపున పెట్టెను. అద్దములలో నుండి చూడగా చదునైన గీతలు లేచి పెట్టెవలెను, గోపురమువలెను కనబడెను. స్టీరియోస్కోపు అను పేరు పెట్టినవాడు ఈయనయే. ఫోటో తీయు విద్య లోకమునకు ప్రకటింపబడినది మరుసటి యేడు, అనగా 1839లో. కావున మొదటి స్టీరియోస్కోపు బొమ్మలు ఫోటోలు కావు, చేతితో గీసినవి.

ఆ యేడు న్యూకాజిల్ పట్టణములో శాస్త్రజ్ఞుల సభ జరిగెను. వీట్‌స్టన్ తన సంగతిని వినయముగా క్లుప్తముగా చెప్పి కూర్చుండెను. అప్పుడు బ్రూస్టర్ లేచి, ఈయన చెప్పినదానికంటె ఈ విషయము ఎంతో గొప్పదని సభవారికి తెలియజేసి, నిండు మనస్సుతో మెచ్చుకొనెను. చదువరులారా, ఈ మెప్పును గుర్తుంచుకొనుడి.

1843: సంఘము చీలిన దినము

నడుమ ఒక గొప్ప సంగతి జరిగెను. ఆ కాలమున స్కాట్లాండులో ఒక సంఘమునకు కాపరిని నియమించు హక్కు చాలాచోట్ల భూస్వాముల చేతిలో నుండెను. సంఘస్థులు వద్దనినను ఆ నియామకము నిలుచుచుండెను. క్రీస్తు సంఘమునకు శిరస్సు క్రీస్తే గాని భూస్వామియు ప్రభుత్వమును కాదని అనేకులు పదియేండ్లు పోరాడిరి. తుదకు 1843 మే 18వ తేదీన ఎడిన్‌బరోలో జరిగిన మహాసభనుండి థామస్ చామర్స్ మొదలైన వారు లేచి బయటికి నడిచిరి. 450కి పైబడిన బోధకులు తమ జీతములను, ఇండ్లను, దేవాలయములను విడిచి ఫ్రీ చర్చిగా ఏర్పడిరి. బ్రూస్టర్ వారితో చేరెను. కళాశాల అధ్యక్ష పదవి పాత సంఘమునకు చెందినవారిదని చెప్పి ఆయనను తొలగించుటకు ప్రయత్నించిరి గాని అది సాగలేదు. ఆయన వెనుదీయలేదు. ప్రసంగపీఠముమీద వణకిన మనుష్యుడు ఈ పరీక్షలో వణకలేదు.

ఈ చీలిక మన దేశమును కూడ తాకెను. కలకత్తా, బొంబాయి, మద్రాసులలోనున్న ఆ సంఘపు మిషనెరీలందరు ఫ్రీ చర్చి పక్షమున నిలిచిరి. మద్రాసులో జాన్ ఆండర్సన్ 1837లో ప్రారంభించిన పాఠశాలయే తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాల ఆయెను. ఎందరో తెలుగు యువకులు అందులో చదివిరి.

ఆనాటి మహాసభను చూచిన డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అను చిత్రకారుడు ఆ దృశ్యమంతయు ఒకే పటముగా వ్రాయ తలంచెను. నాలుగు వందలకు మించిన ముఖములను ఎట్లు గుర్తుంచుకొనగలడు? దేశములోని వేర్వేరు చోట్లకు వెళ్లిపోవు బోధకులను తిరిగి ఎట్లు కూర్చగలడు? క్రొత్తగా వచ్చిన ఫోటో విద్యను వాడుకొమ్మని బ్రూస్టర్ సలహా ఇచ్చి, సెంట్ ఆండ్రూస్ యువకుడైన రాబర్ట్ ఆడమ్‌సన్‌ను హిల్‌కు పరిచయము చేసెను. ఇద్దరును కలిసి తీసిన ఫోటోలు నేటికిని లోకములోని మేలైన తొలి ఫోటోలుగా ఎంచబడుచున్నవి. ఆడమ్‌సన్ 1848లో చిన్న వయస్సుననే చనిపోయెను. పటము 1866లో ముగిసెను. అందులో బ్రూస్టర్ ముఖమును కలదు.

ఒకే కటకము, రెండు ముక్కలు

వీట్‌స్టన్ పరికరము పెద్దది. బల్లమీద పెట్టి చూడవలసినది. ఇంటింట ఉంచుకొను వస్తువు కాదు. 1849లో బ్రూస్టర్ దానికి బదులు చేతిలో ఇముడు ఒక చిన్న పెట్టెను ఏర్పరచెను. పైన రెండు కటకములు, అడుగున ప్రక్కప్రక్కగా రెండు బొమ్మలు, వెలుగు లోపలికి వచ్చుటకు మూతగల కిటికీ. రెండు కటకములును ఒకే తీరున ఉండవలెను. ఏ మాత్రము భేదమున్నను కన్నులకు శ్రమ. ఆయన దీనికొక మంచి ఉపాయము కనుగొనెను. ఒకే కటకమును నడిమికి రెండుగా కోసి, ఒక సగమును కుడికంటికి, మరియొక సగమును ఎడమకంటికి పెట్టెను. ఈ సగము కటకము బొమ్మను పెద్దది చేయును. దాని పలుచని అంచు వెలుగును వంచి రెండు బొమ్మలను నడుమకు జరిపి కలుపును. ఇంతేకాక, మన కన్నులవలె ప్రక్కప్రక్కగా రెండు కటకములుగల కెమెరాను గూర్చియు ఆయన వివరించెను.

ఇంగ్లాండులోని అద్దముల వర్తకులు దీనిని లక్ష్యపెట్టలేదు. 1850వ సంవత్సరారంభమున ఆయన భార్య జూలియెట్ మరణించెను. ఆ దుఃఖపు యేటనే ఆయన పారిసునకు పోయి తన పెట్టెను చూపెను. అచ్చట డుబోస్క్ అను పనివాడు దాని విలువ గ్రహించి చక్కగా చేయసాగెను. 1851లో లండను మహా ప్రదర్శనములో విక్టోరియా రాణి దానిని చూచి ఆశ్చర్యపడెను. అంతే, అందరికిని అదియే కావలసి వచ్చెను. 1854లో లండను స్టీరియోస్కోపిక్ కంపెనీ బయలుదేరి లక్షల కొలది జంట ఫోటోలను అమ్మెను. 1856 నాటికి ఐదు లక్షలకు మించిన పెట్టెలు అమ్ముడైనవని బ్రూస్టర్ తన పుస్తకములో తెలిపెను. 1861లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అను వైద్యుడు పిడిగల తేలికైన పరికరమును చేసి, పేటెంటు తీసికొనక అందరికిని విడిచిపెట్టెను. మా సెమినరీ బీరువాలో నుండినది ఈ హోమ్స్ విధమైనదే.

దాని ఉపయోగములు

ఇది ఆటవస్తువు మాత్రమే కాదని బ్రూస్టర్ 1856లో వ్రాసిన పుస్తకములో చూపెను. శిల్పులకు, ఇండ్లు కట్టువారికి, వంతెనలు కట్టు ఇంజనీర్లకు, జంతుశాస్త్రము చదువువారికి, పాఠశాల పిల్లలకు ఇది ఎట్లు ఉపయోగపడునో అందులో విడివిడిగా వ్రాసెను. ఆయన ఊహించినది వ్యర్థము కాలేదు.

1858లో వారెన్ డి ల రూ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు వేర్వేరు సమయములందు చంద్రుని రెండు ఫోటోలు తీసి జతచేసెను. చంద్రుడు కొంచెము అటునిటు ఊగునట్లు కనబడును గనుక ఆ రెండును రెండు కన్నుల చూపులవలె కలిసి, చంద్రుడు చదునైన పళ్లెమువలె గాక గుండ్రని బంతివలె కనబడెను. ఆ యేడే మద్రాసు ప్రభుత్వపు ఫోటోగ్రాఫరైన లిన్నేయస్ ట్రైప్ తీసిన తిరుచిరాపల్లి, తంజావూరు దేవాలయముల జంట ఫోటోలు సంపుటముగా వెలువడెను. 1900లో జెస్సీ హర్ల్‌బట్ అను బోధకుడు పరిశుద్ధ దేశపు నూరు జంట ఫోటోలతోను పటములతోను ఒక పుస్తకము తెచ్చెను. ఓడ ఎక్కలేని బీదలు, వృద్ధులు సండే స్కూలు గదిలో కూర్చుండి బేత్లెహేమును, గలిలయ సముద్రమును చూడగలిగిరి.

1896 తరువాత వైద్యులు ఎక్సురే ఫోటోలను జంటగా తీసి, దేహములో తూటా ఎంత లోతున నున్నదో కనుగొనసాగిరి. కన్ను లోపలి భాగమును పరీక్షించుటకును, మెల్లకన్ను గల పిల్లలకు రెండు కన్నులను కలిపి చూచు అభ్యాసము చేయించుటకును ఈ విద్య ఉపయోగపడుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధములో విమానములనుండి తీసిన జంట ఫోటోలను స్టీరియోస్కోపులో చూచి, చదునుగా కనబడిన నేలమీది కట్టడముల ఎత్తును కొలిచిరి. 2005 మే 5వ తేదీన మన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటనుండి కార్టోశాట్-1 అను ఉపగ్రహము ఎగసెను. దానికి రెండు కెమెరాలు. ఒకటి కొంచెము ముందుకు, ఒకటి కొంచెము వెనుకకు చూచునవి. ఆ రెండు చూపులను హైదరాబాదులోని కేంద్రమునందు కలిపి మన దేశపు కొండలు, పల్లములు ఎంత ఎత్తో, ఎంత లోతో పటములు చేసిరి. ఏ వాగు ఎటు పారునో తెలిసికొనుటకు అట్టి పటములు పనికివచ్చును. వ్రేలు ముందు పెట్టి కన్ను మూసి తెరచినప్పుడు మీరు చూచిన సంగతియే ఆకాశమంత పెద్దదైనది.

మూయబడిన ఒక కన్ను

ఇప్పుడు మేము చెప్పుటకు ఇష్టపడని భాగమును చెప్పవలెను. 1838లో వీట్‌స్టన్‌ను నిండు సభలో మెచ్చుకొనిన బ్రూస్టర్, తన పెట్టె లోకమంతట పేరుపొందిన తరువాత ఆ ఘనతను వీట్‌స్టన్‌కు ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. 1856లో టైమ్సు పత్రికలో ఇద్దరి నడుమ కఠినమైన ఉత్తరములు నడిచెను. రెండు కన్నుల సంగతి యూక్లిడ్ మొదలైన ప్రాచీనులకే తెలియునని బ్రూస్టర్ వాదించెను. ఎడిన్‌బరోలో గణితము బోధించు ఎలియట్ అను వ్యక్తి వీట్‌స్టన్‌కంటె ముందే ఈ పరికరమును తలంచెననెను. కొంతకాలమునకు ఫ్రాన్సు దేశపు లిల్ పట్టణములో చిమెంటి అను పాత చిత్రకారుడు గీసిన ఒకే మనుష్యుని రెండు బొమ్మలు కనబడగా, అవియు స్టీరియోస్కోపు కొరకే గీయబడినవనెను. పరీక్షించినవారు వాటిని అంగీకరింపలేదు. అందులోని భేదములు చేతి పొరపాట్లే గాని రెండు కన్నుల భేదములు కావనిరి.

నిజము రెండువైపులను ఉండెను. సూత్రమును నిరూపించి మొదటి పరికరమును చేసినవాడు వీట్‌స్టన్. దానిని చిన్నదిగా, చౌకగా చేసి జనుల చేతికిచ్చినవాడు బ్రూస్టర్. మొదటివాడు లేకున్న రెండవవానికి పనియే లేదు. రెండవవాడు లేకున్న మొదటివాని పని పండితుల బల్లమీదనే నిలిచిపోయెడిది. ఈ రెండు చూపులను కలిపి చూచిన వారికే ఈ కథ లోతు తెలియును. రెండు కన్నులు కావలెనని లోకమునకు బోధించిన ఆ పెద్దమనుష్యుడు, తన విషయము వచ్చునప్పటికి ఒక కన్ను మూసికొనెను. కాలిడోస్కోపు విషయములో ఇతరులు తనకు చేసిన అన్యాయమును ఎరిగినవాడే మరియొకనికి అన్యాయము చేసెను.

ఆయనను తీర్పు తీర్చుటకు ఇది వ్రాయుటలేదు. మన గ్రామములను చూడుడి. ఊరిలో మొదటి ప్రార్థన కూటము మా తాత ఇంట జరిగెనని ఒక కుటుంబమనును. దేవాలయమునకు స్థలమిచ్చినది మా తాత అని మరియొక కుటుంబమనును. ఇద్దరును నిజమే చెప్పుదురు. అయినను ఒకరి పేరు చెప్పిన మరియొకరు ఆరాధననుండి లేచిపోవుదురు. క్రిస్మసు పండుగనాడు ఒక బల్లయొద్ద కూర్చుండరు. మా సేవలో ఇట్టి గృహముల నడుమ ఎన్నో రాత్రులు నడిచితిమి. ఇరువురు వారి వారి చోటనుండి చూచినది అబద్ధము కాదు; రెండవవాని చూపును ఒప్పుకొనకపోవుటయే తప్పు.

సాయంకాలము

1857లో బ్రూస్టర్ రెండవ మారు వివాహము చేసికొనెను. 1859లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడై, మరణమువరకు ఆ పని చేసెను. బాలుడుగా చదువుకొనిన చోటికే అధ్యక్షుడుగా తిరిగివచ్చెను. ఎనుబదియేండ్లు దాటినను పరీక్షలు చేయుట, వ్యాసములు వ్రాయుట మానలేదు.

1868 ఫిబ్రవరి 10వ తేదీన మెల్‌రోజ్ సమీపమున అలర్లీ అను తన ఇంట కన్ను మూసెను. ఆయన కుమార్తె మార్గరెట్ వ్రాసిన జీవిత చరిత్రలో ఆ కడవరి దినముల సంగతి కలదు.  సమస్తమును సృజించిన యేసును తాను చూడబోవుచున్నానని ఆయన సంతోషముతో చెప్పెను. మెల్‌రోజ్ పాత మఠపు ఆవరణములో ఆయన సమాధిమీద 27వ కీర్తన మొదటి వచనపు తొలి మాట చెక్కిరి. జీవితకాలమంతయు వెలుగును పరీక్షించిన మనుష్యునికి అంతకంటె తగిన మాట లేదు. వీట్‌స్టన్ ఏడేండ్ల తరువాత 1875లో మరణించెను. నేటి పుస్తకములలో ఇద్దరి పేర్లును ప్రక్కప్రక్కనే కనబడును, అట్టమీది రెండు ఫోటోలవలె.

ప్రియులారా, మార్కు సువార్త 8వ అధ్యాయము 22వ వచనమునుండి 26వ వచనమువరకు ఈ మాసము మీ కుటుంబ ప్రార్థనలో చదువుడి. బేత్సయిదాలోని గ్రుడ్డివాడు మొదట మనుష్యులను చెట్లవలె చూచెను. ప్రభువు రెండవమారు చెయ్యి ఉంచిన తరువాతనే సమస్తమును తేటగా చూచెను. ఒకమారు చూపు పొందిన మనకును రెండవమారు ఆయన చెయ్యి కావలెను. రోమా పత్రిక 13వ అధ్యాయము 7వ వచనములో ఎవనికి ఘనత చెల్లవలెనో వానికి చెల్లించుడని పౌలు భక్తుడు బోధించెను. పన్ను బాకీని ఎరిగిన మనము ఈ బాకీని తరచుగా మరచిపోవుదుము.

కావున మీ సంఘములో మీకు ముందుగా పనిచేసినవాడెవడు? మీరు కోసికొను పంటకు విత్తినవాడెవడు? ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, మీరు చాలాకాలము మాటలాడని ఆ సహోదరుని యొద్దకు వెళ్లుడి. అతడు తాను నిలిచిన చోటనుండి ఏమి చూచెనో నెమ్మదిగా వినుడి. మీరు చూచినదానిని విడువనక్కరలేదు. అతడు చూచినదానిని దానితో కలుపుడి. అప్పుడు చదునుగా కనబడిన సంగతి లేచి నిలుచును. దూరముగా కనబడిన సహోదరుడు దగ్గరగా కనబడును. వెలుగు నిచ్చిన దేవుడు మన రెండు కన్నులను తెరచియుంచును గాక. ఆమేన్.